గని విడిచిన నేలకు పహాణీ

రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి, మణుగూరు ప్రాంతాలకు పోయినవారికి అక్కడక్కడ కొన్ని వింత గుట్టలు కనిపించును. సహజమైన గుట్టకు బండలు, ఎగుడుదిగుడు అంచులు, ఒక శిఖరం ఉండును. ఈ గుట్టలకు శిఖరం లేదు. పైభాగం బల్లపరుపుగా, పక్కలు మెట్లు మెట్లుగా ఉండును. ఇవి ప్రకృతి నిర్మించినవి కావు. ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గును తీయుటకు ముందు దానిపైనున్న మట్టిని, రాతిని తొలగించి పోసిన కుప్పలు. గని ప్రాంతపు వాడుకలో వీనిని ‘ఓబీ గుట్టలు’ అందురు.

వీనిలో కొన్ని బూడిద రంగుతో బోసిగా ఉండును. మరికొన్ని పచ్చని చెట్లతో నిండి ఉండును. అట్టి పచ్చని గుట్టను చూచి “పోయిన అడవి తిరిగి వచ్చినది” అని సంతోషించుట సహజమే. కాని ఆ మాట నిజమేనా? నిజమని చెప్పుటకు దేనిని కొలువవలెను? ఎన్ని ఏండ్లు కొలువవలెను? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం.

ఇది వృక్షశాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయమని భావింపరాదు. ఆ సమాధానంపై పశువుల మేత, తునికాకు ఏరుకొను కుటుంబాల వేసవి కూలి, గుట్ట క్రిందనున్న ఊరి చెరువు ఆధారపడి ఉన్నవి. గని యజమానులు పూచీగా కట్టిన ధనం తిరిగి వారి చేతికి పోవలెనా, ఆగవలెనా అను నిర్ణయం కూడ దానిపైననే ఆధారపడి ఉన్నది.

త్రవ్విన నేలకు ఏమి జరుగును?

1871లో భూగర్భ పరిశోధకుడు డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొనెను. ఆ సమీప గ్రామమైన సింగరేణి పేరుతోనే 1920లో నేటి కంపెనీ ఏర్పడినది. ప్రాణహిత, గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున ఈ బొగ్గు పొరలు వ్యాపించి ఉన్నవి. ఆ లోయలోనే టేకు, మద్ది, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు కలిసి పెరుగు ఆకురాల్చు అడవులు కూడ ఉన్నవి. బొగ్గు, అడవి ఒకదానిపై ఒకటి ఉన్న చోట రెండింటిలో ఏదో ఒకదానిని వదలుకొనవలసి వచ్చును.

భూగర్భ గనిలో కార్మికుడు సొరంగం గుండా లోనికి పోవును. పైనున్న నేల కొంత క్రుంగినను చాలవరకు నిలచి ఉండును. ఓపెన్‌కాస్టు గనిలో అట్లు కాదు. ముందుగా చెట్లను నరికెదరు. తరువాత పైమట్టిని, ఆ పిమ్మట ఇసుకరాతి పొరలను ప్రేల్చి తొలగించెదరు. ఒక టన్ను బొగ్గు కొరకు అనేక ఘనపు మీటర్ల మట్టిని, రాతిని ఎత్తిపోయవలసి ఉండును. ఈ క్రమంలో నేల పొరలు తలక్రిందులగును. 25 కోట్ల సంవత్సరాలకు పైగా లోతున దాగియున్న రాతిపొడి పైకి వచ్చును. ప్రాణమున్న పైమట్టి అడుగున పూడిపోవును.

పైమట్టి అనగా కేవలం మన్ను కాదు. అది విత్తుల గాదె. వేరుల తుంటలు, నేలను గుల్లచేయు ఎర్రలు, వేరులతో చెలిమి చేసి వానికి భాస్వరమును అందించు బూజులు, నత్రజనిని స్థిరపరచు సూక్ష్మజీవులు అన్నియు ఆ జానెడు మందంలోనే ఉన్నవి. దానిని వేరుగా తీసి దాచినను, ఏండ్ల తరబడి పెద్ద కుప్పగా ఉంచినచో లోపలి విత్తులు, జీవులు క్రమముగా నశించును. అందువలననే తీసిన పైమట్టిని వీలైనంత త్వరలో సిద్ధమైన గుట్టపై పరచవలెనని నిపుణులు చెప్పుదురు.

పైమట్టి లేని ఓబీ నేలలో ఆకుకుళ్ళు లేదు, నత్రజని మిక్కిలి స్వల్పం. కొన్ని చోట్ల రాళ్ళ సందులలో నీరు నిలువక జారిపోవును. మరికొన్ని చోట్ల బరువైన డంపర్ల చక్రాల క్రింద నేల రోడ్డు వలె గట్టిపడి వేరు దిగదు. వర్షపు దెబ్బకు పక్కలు కోసుకొని మట్టి క్రింది పొలాలలోనికి, చెరువులలోనికి కొట్టుకొనివచ్చును. అందుచేత గుట్ట వాలు మొత్తం మీద 28 డిగ్రీలకు మించరాదని అనుమతి పత్రాలలో నియమం పెట్టుదురు. వాలును సరిచేసి, మెట్లు కట్టి, పైమట్టి పరచి, మొదట గడ్డిని, పిమ్మట చెట్లను నాటుదురు. ఇది మానవ ప్రయత్నం. దాని ఫలితమును తెలిసికొనుటకే పరిశీలన అవసరం.

పరిశీలన అనగా నేమి?

తెలంగాణ పల్లెలలో ‘పహాణీ’ అను మాట వినని రైతు లేడు. ఉర్దూ రాజభాషగా నడచిన రోజులలో దస్త్రాలలో స్థిరపడిన మాటలలో ఇది ఒకటి. ఏ సర్వే నంబరులో ఎంత భూమి ఉన్నది, ఎవరి స్వాధీనంలో ఉన్నది, ఆ ఏడు దానిలో ఏ పంట వేసినారు అను వివరాలు సంవత్సరం వెంట సంవత్సరం అందులో వ్రాసెడివారు. ఒక్క ఏటి పహాణీకి విలువ తక్కువ. ఇరువది ఏండ్ల పహాణీలను వరుసగా చూచినపుడు ఆ భూమి చరిత్ర బయటపడును. పొలము గట్టు మీద నిలబడి వ్రాసిన పహాణీకి, చావడిలో కూర్చుండి వ్రాసిన పహాణీకి గల భేదం కూడ మన పెద్దలకు బాగుగా తెలియును.

గని విడిచిన నేలపై వృక్షసంపదను పరిశీలించుట కూడ అట్టి పహాణీ వ్రాయుటయే. దానికి మూడు నియమాలు ప్రాణం వంటివి.

మొదటిది, ఒకే చోట కొలువవలెను. ఈ ఏడు గుట్ట తూర్పు పక్కను, వచ్చే ఏడు పడమటి పక్కను చూచినచో వచ్చు తేడా కాలం వలన కలిగినదా, స్థలం వలన కలిగినదా అని చెప్పలేము. అందుచేత రాళ్ళు పాతి శాశ్వతమైన చదరాలను గుర్తింపవలెను.

రెండవది, ఒకే ఋతువులో కొలువవలెను. శ్రావణ మాసపు పచ్చదనమును చైత్ర మాసపు ఎండుదనంతో పోల్చుట అన్యాయం.

మూడవది, పోల్చుటకు ఒక ప్రమాణం ఉండవలెను. గని త్రవ్వని సమీపపు అడవిలో అదే విధమైన చదరాలను గుర్తించి వానిని కూడ ఏటేటా కొలువవలెను. వర్షాభావ సంవత్సరంలో గుట్టపై మొక్కలు ఎండిపోయినచో తప్పు నాటినవారిదా, ఆకాశానిదా అని తెలియుటకు ఈ పోలిక తప్ప వేరు మార్గం లేదు.

నేలపై నడచి చేయు లెక్క

అందరికి పరిచయమైన లెక్క నాటిన మొక్కల సంఖ్య. రెండేసి మీటర్ల ఎడంతో నాటినచో ఒక హెక్టారులో 2500 మొక్కలు పట్టును. ఆ సంఖ్య వార్తాపత్రికలలో వచ్చును, బోర్డులపై వ్రాయబడును. కాని నాటిన సంఖ్య ఖర్చును మాత్రమే తెలుపును. మొదటి వేసవి తరువాత ఎన్ని బ్రతికినవి, మూడవ వేసవి తరువాత ఎన్ని నిలచినవి అనునది నేల పరిస్థితిని తెలుపును. ఉదాహరణకు 2500లో మొదటి ఏడు 2000, మూడవ ఏడు 1000 మిగిలినవని అనుకొందము. మొదటి ఏటి నివేదిక 80 శాతం విజయం అని చెప్పును. మూడవ ఏటి నివేదిక 40 శాతం అని చెప్పును. రెండును నిజమే. ఏ ఏడు లెక్క ఆపినారో దానిని బట్టి మన అభిప్రాయం మారుచున్నది.

బ్రతికిన మొక్కల లెక్క కూడ చాలదు. అందుచేత పరిశీలకులు చదరాల పద్ధతిని అనుసరింతురు. గడ్డి, చిన్న మొక్కల కొరకు ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల చదరం, పొదల కొరకు ఐదేసి మీటర్ల చదరం, చెట్ల కొరకు పది లేక ఇరువది మీటర్ల చదరం తీసికొందురు. ప్రతి చదరంలో ఏ జాతులు ఉన్నవి, ఒక్కొక్క జాతిలో ఎన్ని మొక్కలు ఉన్నవి, నేలలో ఎంత భాగం కప్పబడి ఉన్నది, ఎంత భాగం బోసిగా ఉన్నది అని వ్రాయుదురు. చెట్టు చుట్టుకొలతను నేల నుండి 1.37 మీటర్ల ఎత్తున, అనగా మనిషి రొమ్ము ఎత్తున, టేపుతో కొలుచుదురు.

ఈ లెక్కల నుండి ఒక సులభమైన పోలికను రాబట్టవచ్చును. అడవి చదరాలలో 40 జాతులు, గుట్ట చదరాలలో 20 జాతులు ఉన్నవని, రెండింటిలోను సమానముగా కనిపించు జాతులు 10 అని అనుకొందము. సమాన జాతుల సంఖ్యను రెండింతలు చేసి, రెండు చోట్ల జాతుల మొత్తముతో భాగింపవలెను. 20ని 60తో భాగించగా 0.33 వచ్చును. రెండు చోట్ల ఒకే జాతులు ఉన్నచో ఈ సంఖ్య 1 అగును, ఒక్కటియు కలియనిచో 0 అగును. శాస్త్రజ్ఞులు దీనిని సోరెన్‌సన్ సూచిక అందురు. ఏటేటా ఈ సంఖ్య 1 వైపునకు జరుగుచున్నచో గుట్ట అడవి వైపునకు నడచుచున్నదని అర్థం. గుట్ట ఎంత పచ్చగా ఉన్నను ఈ సంఖ్య కదలకున్నచో అక్కడ పెరుగుచున్నది వేరొకటి అని అర్థం.

ఆ వేరొకటి ఏమై ఉండవచ్చును? జామాయిల్, సుబాబుల్ వంటి త్వరగా పెరుగు తోట కావచ్చును. లేక ఎవరును నాటకుండగనే వచ్చి పడిన సర్కారు తుమ్మ, పులికంప, వయ్యారిభామ కావచ్చును. ఇవి బోసి నేలను త్వరగా కప్పును, మట్టి కోతను కొంత ఆపును. ఆ మేలును కాదనరాదు. కాని వయ్యారిభామ పశువులకు మేత కాదు, పులికంప క్రింద అడవి మొక్కలు సులభముగా ఎదుగలేవు.

అన్నింటికంటె ముఖ్యమైన గుర్తు పెద్ద చెట్టు నీడలో ఉన్నది. నాటిన కానుగ క్రింద ఎవరును నాటని వేప మొలక, నేరేడు మొలక కనిపించినచో పక్షులు అక్కడ వాలుచున్నవని, తాము తిన్న పండ్ల విత్తులను అక్కడ విడుచుచున్నవని, ఆ విత్తులు మొలచుటకు నేల అనుకూలముగా ఉన్నదని తెలియును. నాటిన చెట్లు తమంత తాము విత్తనం వేసి పిల్లలను పెంచుచున్నచో ఆ నేల మానవుని చేయూత లేకుండ నిలబడుట నేర్చుకొన్నదని చెప్పవచ్చును. అందుచేత మంచి పరిశీలకుడు తల ఎత్తి చూచిన దానికంటె తల వంచి చూచినది ఎక్కువగా వ్రాయును.

ఆకాశం నుండి చూపు

వేల హెక్టారులలో వ్యాపించిన గనులను చదరాలతో మాత్రమే కొలుచుట సాధ్యం కాదు. ఇక్కడ ఉపగ్రహం తోడ్పడును. 1972 జూలైలో అమెరికా ప్రయోగించిన మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహంతో భూమిని క్రమం తప్పక చిత్రించు యుగం ఆరంభమైనది. మన దేశం 1988 మార్చిలో ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహమును పంపినది. నేడు రిసోర్స్‌శాట్ వరుసలోని కెమెరా 5.8 మీటర్ల వివరము వరకు చూడగలదు. ఐరోపావారి సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు ఒకే చోటిని ఐదు దినాలకొకసారి 10 మీటర్ల వివరముతో చిత్రించును. మన హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలను స్వీకరించి పంచిపెట్టు సంస్థ. దాని స్వీకరణ కేంద్రం షాద్‌నగర్ వద్ద ఉన్నది.

ఉపగ్రహం పచ్చదనమును ఎట్లు కొలుచును? ఆకు తన ఆహారం తయారు చేసికొనుటకు ఎర్రని కాంతిని ఎక్కువగా పీల్చుకొనును. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం ఎక్కువగా వెనుకకు పంపును. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తముతో భాగించినచో వచ్చు సంఖ్యను ‘ఎన్‌డీవీఐ’ అందురు. మేము దీనిని హరిత సూచిక అని పిలిచెదము. దట్టమైన ఆకుల నుండి పరారుణం 45 శాతం, ఎరుపు 5 శాతం తిరిగి వచ్చినదని అనుకొందము. తేడా 40, మొత్తం 50, సూచిక 0.8. బోసి గుట్ట నుండి పరారుణం 25, ఎరుపు 20 వచ్చినచో తేడా 5, మొత్తం 45, సూచిక 0.11. ఈ సంఖ్యలను ఏటేటా పటంపై పరచినచో ఏ మెట్టుపై మొక్కలు పట్టినవి, ఏ వాలు కోసుకొనిపోయినది అని గదిలో కూర్చుండి చూడవచ్చును. ల్యాండ్‌శాట్ పాత చిత్రాలు 2008 నుండి అందరికి ఉచితముగా లభించుచున్నవి. కావున నేటి గనులలో అనేకం తెరువక ముందు ఆ చోట ఏమి ఉండెనో నేటి విద్యార్థి చూడగలడు.

కోల్ ఇండియా పరిధిలోని ఓపెన్‌కాస్టు గనులను రాంచీలోని కేంద్ర గని ప్రణాళికా సంస్థ ఈ విధముగా ఉపగ్రహ చిత్రాలతో పరిశీలించుచు వచ్చినది. బొగ్గు, దానిపైనున్న మట్టి, రాయి కలిపి ఏటా 50 లక్షల ఘనపు మీటర్లకు పైగా తీయు గనులను ఏటేటా, అంతకంటె చిన్న గనులను మూడేండ్లకొకసారి చూచుట దాని పద్ధతి. త్రవ్వుచున్న భాగం ఎంత, పూడ్చిన భాగం ఎంత, చెట్లు నాటిన భాగం ఎంత అని విడివిడిగా లెక్క కట్టుదురు.

అయితే ఈ చూపునకు ఒక చిక్కు ఉన్నది. మన ప్రాంతంలో దానిని గ్రహింపనివారు తప్పక మోసపోవుదురు. గోదావరి లోయలోని అడవి ఆకురాల్చు అడవి. ఫాల్గుణ, చైత్ర మాసాలలో టేకు, మద్ది, మోదుగ ఆకులు రాల్చి మోడులుగా నిలచును. ఆ కాలంలో ఆరోగ్యమైన అడవి యొక్క హరిత సూచిక పడిపోవును. జామాయిల్ తోట, సర్కారు తుమ్మ పొద మాత్రం పచ్చగా ఉండును. అనగా వేసవి చిత్రంలో నిజమైన అడవి ‘పాడైన నేల’ గాను, పరాయి మొక్కల గుట్ట ‘చక్కని పచ్చదనం’ గాను కనిపించవచ్చును. వానకాలంలో మేఘాలు అడ్డు వచ్చును. కావున వానలు వెనుదిరిగిన అక్టోబరు, నవంబరు మాసాల చిత్రాలను ఒకటి, వేసవి చిత్రాలను మరియొకటి తీసికొని రెండింటిని కలిపి చదువవలెను. వానల తరువాత పచ్చబడి వేసవిలో ఆకురాల్చు గుట్ట మన అడవి నడకను అనుసరించుచున్నది. ఏడాది పొడవునా ఒకే తీరుగా పచ్చగా ఉన్న గుట్ట వద్దకు తప్పక నడచిపోయి చూడవలెను.

ఉపగ్రహం ఎక్కడ చూడవలెనో చెప్పును. అక్కడ ఏమి ఉన్నదో కాళ్ళతో పోయినవాడే చెప్పగలడు.

కంటికి కనిపించని సాక్షులు

చెట్టు పైకి ఎంత ఎదిగినదో చూచినవారు దాని క్రింది నేల ఎంత మారినదో కూడ చూడవలెను. ఇంగ్లండులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథోనీ బ్రాడ్‌షా, ఆయన సహచరులు కార్న్‌వాల్ ప్రాంతపు పింగాణి మట్టి గనుల కుప్పలపై పరిశోధించి, నత్రజని కొరతయే అక్కడి పెద్ద అడ్డంకి అని నిరూపించిరి. హెక్టారుకు సుమారు వేయి కిలోల నత్రజని నేలలో నిలువ చేరినగాని చెట్ల సముదాయం తనంత తాను నిలబడలేదని వారి అంచనా. ఎరువును ఒకసారి చల్లినచో మొదటి ఏడు పచ్చగా కనిపించును. అది కరిగిపోయిన తరువాత మొక్కలు పసుపు బారును. మొదటి ఏటి ఛాయాచిత్రమును మాత్రమే చూచినవారికి ఈ సంగతి తెలియదు.

నేలకు నత్రజనిని ఇచ్చు విద్య మన రైతులు ఎరుగనిది కాదు. జనుము, జీలుగ చల్లి పూతకు రాగానే కలియదున్నుట ఆ విద్యయే. గుట్టలపై ఆ పనిని దిరిసెన, కానుగ, మోదుగ వంటి చెట్లు చేయగలవు. వీని వేరుల బుడిపెలలో నత్రజనిని స్థిరపరచు సూక్ష్మజీవులు ఉండును. చిక్కుడు జాతికి దగ్గర బంధువైన ప్రతి చెట్టునకు ఈ శక్తి ఉన్నదని అనుకొనరాదు. మన తంగేడు అందమైనది, గట్టి నేలలో నిలుచునది, కాని దాని వేరులకు బుడిపెలు ఉండవు. సింగ్రౌలి ప్రాంతపు జయంత్ గని కుప్పలపై కాశీ హిందూ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు దిరిసెన మొదలగు స్వదేశీ చెట్లను నాటించి, వాని క్రింద నేల ఏ విధముగా మారునో ఏండ్ల తరబడి కొలిచిరి. మొక్క ఎత్తుతో పాటు మట్టిలోని సేంద్రియ కర్బనమును, నత్రజనిని కూడ కొలుచుట వారి పద్ధతి.

చీమలు కూడ సాక్ష్యమిచ్చును. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బాక్సైటు గనుల నేలపై జొనాథన్ మేజర్ అను శాస్త్రజ్ఞుడు ఏ జాతి చీమలు తిరిగి వచ్చినవో లెక్కించి, దానిని బట్టి నేల పునరుద్ధరణ ఎంతవరకు వచ్చినదో చెప్పవచ్చునని చూపెను. రాలిన ఆకులు, నీడ, వేరు వేరు మొక్కలు పెరిగినచోట వేరు వేరు చీమలు చేరును. ఒకే విధమైన తోటలో అన్ని జాతులకు చోటు దొరకదు.

ఏది కొలిచెదరో అదియే పెరుగును

ఇంతవరకు చెప్పినది కొలుచు విధానం. ఆ కొలతకు చట్టంలో ఉన్న స్థానమును కూడ తెలిసికొనవలెను.

2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ గనుల మూసివేతకు మార్గదర్శక సూత్రాలను ప్రకటించినది. ప్రతి గనికి మూసివేత ప్రణాళిక ఉండవలెను. ఓపెన్‌కాస్టు గని అయినచో హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున లెక్కించి, ఏటేటా పూచీ ఖాతాలో జమ చేయవలెనని అందులో నిర్ణయించిరి. జరిగిన పనిని ఐదేండ్లకొకసారి పరిశీలించి, జమ అయిన సొమ్ములో 80 శాతం వరకు విడుదల చేయవచ్చునని 2013 నాటి సవరించిన సూత్రాలు తెలిపినవి. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు మరియొక అడుగు ముందుకు వేసి, గని త్రవ్విన నేలపై తిరిగి గడ్డిని పెంచి, మేతకును మొక్కలకును జంతువులకును అనువైన స్థితికి తేవలెనను షరతును గని లీజులలో చేర్చవలెనని ఆదేశించినది. ఇట్లు పరిశీలకుని రిజిస్టరు చట్టంలో సాక్ష్యపత్రమైనది.

కాని దేనిని విజయముగా లెక్కించవలెను అను విషయంలో పొరపడినచో ఏమగునో తెలిసికొనుటకు అమెరికా అనుభవం ఒక పాఠం. అక్కడ 1977 ఆగస్టు 3న ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల చట్టం వచ్చినది. గని యజమాని ముందుగా పూచీ కట్టవలెను. నాటిన తరువాత ఐదేండ్ల వరకు, ఏటా 26 అంగుళాలు అంతకు తక్కువ వర్షం పడు చోట్ల పదేండ్ల వరకు, మొక్కల బాధ్యత అతనిదే. నేలపై కప్పు నిర్ణయించిన ప్రమాణంలో 90 శాతమునకు తగ్గరాదు. ఆ చట్టం వలన మేలు జరిగినది. విడిచివేసిన గుట్టలు జారిపడుట తగ్గినది.

అయితే అప్పలాచియన్ కొండలలో అనుకొనని ఫలితం కూడ కలిగినది. గుట్ట జారకుండవలెనని యంత్రాలతో నేలను గట్టిగా అణచిరి. కప్పు త్వరగా రావలెనని బలమైన విదేశీ గడ్డిని దట్టముగా చల్లిరి. కొలతలో నేల ఉత్తీర్ణమైనది, పూచీ సొమ్ము తిరిగి వచ్చినది. కాని గట్టి నేలలో వేరు దిగక, గడ్డి పోటీని తట్టుకొనలేక చెట్లు ఎదుగలేదు. ఒకప్పుడు గొప్ప అడవులున్న కొండలు దశాబ్దాల తరబడి గడ్డి బీళ్ళుగా మిగిలినవి. 2004లో ఆరంభమైన అప్పలాచియన్ అడవుల పునరుద్ధరణ ఉద్యమం ఈ పొరపాటును దిద్దుటకు పూనుకొన్నది. పైన నాలుగు అడుగుల మందం నేలను అణచక వదులుగా ఉంచవలెను, చెట్టుతో పోటీపడని గడ్డిని మాత్రమే చల్లవలెను, స్థానిక చెట్లను నాటవలెను అని అది బోధించినది.

ఇక్కడ ఎవరును చట్టమును ఉల్లంఘింపలేదు. చట్టం కప్పును కొలిచినది, కావున కప్పు పెరిగినది. చెట్టును, జాతులను, మొలకలను కొలిచియున్నచో అవి పెరిగెడివి. మన దేశంలోనూ నాటిన మొక్కల సంఖ్యనే కొలిచినచో మొక్కలు నాటుట మాత్రమే జరుగును. హరిత సూచికనే కొలిచినచో త్వరగా పచ్చబడు జామాయిల్ పెరుగును. తునికి, ఇప్ప, వెదురు, పశువు మేయు గడ్డి తిరిగి రావలెనన్నచో వాని పేర్లు కొలత పట్టికలో ఉండవలెను. ఆ పేర్లు చెప్పగలవారు ఆ ఊరివారే. ఏ చెట్టు క్రింద మేకలు మేసెడివో, ఏ దారిన తునికాకు మోసుకొని వచ్చెడివారో వారికే తెలియును. కావున పరిశీలకుల బృందంలో శాస్త్రజ్ఞునితో పాటు పశువుల కాపరి, ఆకు ఏరుకొను స్త్రీ ఉండవలెనని మా అభిప్రాయం. తిరిగి వచ్చినదేమో గుర్తుపట్టుటకు పోయినదేమో ఎరిగినవారు కావలెను.

మన కళాశాల చేయదగినది

ఇట్టి పరిశీలనకు పెద్ద సంస్థలు, ఉపగ్రహాలు మాత్రమే అవసరమని విద్యార్థులు అనుకొనరాదు. తెలంగాణ పట్టణాల చుట్టుపక్కల పని ఆగిపోయిన రాతి క్వారీలు అనేకం ఉన్నవి. అవి కూడ గని త్రవ్విన నేలలే. అట్టి క్వారీ అంచున నీటి గుంటకు దూరముగా, యజమాని అనుమతితో, పది మీటర్ల చదరమును ఒకదానిని, సమీపపు త్రవ్వని నేలపై అట్టిదే మరియొకదానిని ఎన్నుకొనవచ్చును. నాలుగు మూలల నాలుగు రాళ్ళు, ఒక తాడు, ఒక టేపు, ఒక రిజిస్టరు చాలును. ఒకే రాతిపై నిలబడి ఒకే దిక్కునకు ఏటా ఒక ఛాయాచిత్రం తీయవలెను. ప్రతి సంవత్సరం నవంబరులో ఒక దినం, మార్చిలో ఒక దినం ఈ పనికి కేటాయించినచో సరిపోవును.

మన కళాశాలకు ఇందులో ఒక ప్రత్యేకమైన అనుకూలత ఉన్నది. మన విద్యార్థులలో ఒకరు ‘వేప’ అన్నదానిని మరియొకరు ‘నీమ్’ అందురు. తునికిని ‘తేందూ’ అని, ఇప్పను ‘మహువా’ అని, నేరేడును ‘జామున్’ అని, దిరిసెనను ‘సిరస్’ అని పిలుతురు. రిజిస్టరులో తెలుగు పేరు ఒక వరుసలో, ఉర్దూ పేరు ఒక వరుసలో వ్రాసినచో అది రెండు భాషల వృక్ష నిఘంటువు కూడ అగును. ఇండ్లలో పెద్దలను అడిగి తెలిసికొన్న మందు గుణములను, వంటచెరకు, మేత వంటి ఉపయోగములను మూడవ వరుసలో చేర్చవచ్చును.

డిగ్రీ మూడు సంవత్సరాలలో ముగియును. నేల కోలుకొనుటకు ఒక తరం పట్టును. కావున ఈ రిజిస్టరు ఒక తరగతి వారి సొత్తు కారాదు. మూడవ సంవత్సరం వారు వీడ్కోలు దినమున మొదటి సంవత్సరం వారికి దానిని అప్పగింపవలెను. ప్రతి ఏటి లెక్కను ఈ వార్షిక సంచికలో ఒక పుటలో ప్రచురింపవలెనని కళాశాల కమిటీ వారికి మా విన్నపం. పదేండ్ల తరువాత మన చదరంలో నాలుగు జాతులు పెరిగినను, రెండు జాతులు తగ్గినను, ఆ మాటను ఊహతో కాక లెక్కతో చెప్పగలవారు మన విద్యార్థులే అగుదురు. వారిలో కొందరు రేపు గని కార్యాలయాలలో, అటవీ శాఖలో, పర్యావరణ మండలిలో ఉద్యోగులై మూసివేత పత్రాలపై సంతకం పెట్టవలసి వచ్చును. ఆనాడు “గుట్ట పచ్చగా ఉన్నది” అను నివేదిక ఎదుటికి వచ్చినపుడు, “ఏ చెట్లు? ఏ నెలలో చూచిరి? క్రింద మొలకలు ఉన్నవా?” అని అడుగుట వారికి అలవాటై ఉండవలెను.